మెరిసే పుట్టగొడుగు పేరు తేల్చాలంటే రాత్రి ఫోటోనా, పగటి ఫోటోనా, డీఎన్ఏనా?

వానాకాలంలో పశ్చిమ కనుమలకి ట్రెక్‌కి వెళ్ళొచ్చిన వాళ్ళు చీకట్లో పచ్చగా మెరిసే బుల్లి పుట్టగొడుగు ఫోటో చూపించి ఇదేంటో చెప్పండి అంటారు, చెప్పలేం అంటే నమ్మరు. నేనూ అంతే. పోయినేడు జూలైలో ట్రైపాడ్ మోసుకెళ్ళి, జలగలకి రక్తదానం చేసి, ఐఎస్ఓ 3200, 30 సెకన్ల ఎక్స్‌పోజర్‌లో నలభై ఫోటోలు తీశా. గుర్తుపట్టడానికి ఒక్కటీ అక్కరకు రాలేదు.

ఎందుకంటే వెలిగే పుట్టగొడుగులు వందకి పైగా జాతులున్నాయి గానీ అన్నిట్లోంచీ వచ్చేది దాదాపు ఒకటే ఆకుపచ్చ, 520-530 నానోమీటర్ల దగ్గర, లోపల లూసిఫెరిన్ అనే పదార్థం ఆక్సిజన్‌తో కలిస్తే పుట్టేది. ఫోటోలో ఒకటి నీలంగా, ఇంకోటి పసుపుగా ఉందంటే అది కెమెరాలో రంగులు సర్దే వైట్ బ్యాలెన్స్ మహిమ. పైగా పానెల్లస్ స్టిప్టికస్ అనే పుట్టగొడుగు సంగతి చూడండి, అమెరికా తూర్పు వైపు వెలుగుతుంది, యూరప్‌లో అదే జాతి వెలగదు! ఇంక వెలుగుని నమ్ముకుని పేరెలా పెడతాం?

రాత్రి ఫోటోకి ఒక్క మార్కు మాత్రం ఇస్తా, ఏ భాగం వెలుగుతోందో తెలుస్తుంది. మేఘాలయలో ఎండు వెదురు మీద దొరికి 2020లో కొత్త జాతిగా పేరు పెట్టించుకున్న రోరిడోమైసెస్ ఫిల్లోస్టాకిడిస్‌కి కాడ మాత్రమే వెలుగుతుంది, పైన గొడుగు చీకటే. అదే మైసీనా క్లోరోఫాస్ అనే ఇంకో జాతిలో గొడుగు కూడా వెలుగుతుంది.

అసలు పని చేసేది పగటి ఫోటో, అదీ అడుగు భాగంది. ఫిలోబొలెటస్ మానిపులారిస్ అనే వెలిగే జాతి, మైసీనా రకాలు రెండూ పైనుంచి చూస్తే పాలిపోయి, పల్చగా, అక్కాచెల్లెళ్ళలా ఉంటాయి, కిందకి వంగి చూస్తే మైసీనాకి కాడ దగ్గర్నుంచి అంచుదాకా రేకుల్లాంటి సన్నటి మొప్పలు, ఫిలోబొలెటస్‌కేమో జల్లెడలా చిన్న చిన్న బెజ్జాలు. అంతే, ఇంకేం అక్కర్లేదు. (మా అమ్మమ్మకైతే రెండూ కుక్కగొడుగులే, పేరు తేల్చడం ఆవిడకి సెకను పని.) అభయారణ్యంలో పీకకూడదు, పర్మిషన్ కావాలి, అందుకని మా చెల్లి పౌడర్ డబ్బా అద్దం తీసుకెళ్ళి గొడుగు కింద పెట్టి అద్దంలో బొమ్మని ఫోటో తీస్తా. పక్కన రూపాయి బిళ్ళ పెడితే సైజు తెలుస్తుంది, మొలిచింది చెక్క మీదా ఆకుల మీదా వెదురు మీదా అన్నది కూడా తీసుకోవాలి.

స్పోర్ ప్రింట్, అంటే గొడుగు కిందనుంచి రాలే బీజాల పొడి వేసే అచ్చు, ఇక్కడ పెద్దగా కలిసి రాదు, రెండిట్లోనూ తెల్లగానే పడుతుంది.

డీఎన్ఏ గట్టి సాక్ష్యమే, కాదనను. కానీ శాంపిల్ కోయడానికి అనుమతి, ఆరబెట్టడం, ల్యాబు, ఖర్చు, తీరా సీక్వెన్స్ (డీఎన్ఏ అక్షరాల వరస) వచ్చాక పోల్చుకోడానికి డేటాబేస్‌లో ఆ జాతిది ఎవరో ముందే సరైన పేరుతో పెట్టుండాలి. కొత్త జాతి అని అనుమానం వస్తే తప్ప మనబోటి వాళ్ళకి అంత దూరం అనవసరం అంటా నేను.

నా నలభై ఫోటోల సంగతా? ఆ రాత్రే మైసీనా అని ఫ్రెండ్స్‌కి గొప్పగా పంపేశా, తెల్లారి అదే దుంగ దగ్గరికెళ్ళి అద్దం పెడితే కింద అన్నీ బెజ్జాలే, సిగ్నల్ దొరకడానికి రెండు కిలోమీటర్లు నడిచి మెసేజ్ డిలీట్ చేసుకున్నా.