డులూత్ క్లాసు: భార్య మీద చెయ్యెత్తే మగవాడికి ఏ మేరకు పనికొస్తుంది?

"కోపం ఎక్కువే గానీ మనసు వెన్న" అని మన ఇళ్లలో సర్దిచెబుతారే, ఆ మాటను ఈ కోర్సు మొదటి రోజే పక్కన పెడుతుంది. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం, డులూత్ ఊళ్లో 1980ల తొలినాళ్లలో మొదలైంది. కోర్టులు పంపే మగవాళ్ల గ్రూపులు చాలాచోట్ల దీన్నే ఏదో ఒక రూపంలో నడుపుతాయి. మేనేజరు తిట్టినా నోరు మెదపనివాడు ఇంటికొచ్చి భార్యను కొడుతున్నాడంటే అతనికి అదుపు లేక కాదు, ఆమెను తన చెప్పుచేతల్లో ఉంచుకోవడానికే అన్నది దీని ఆలోచన. అందుకే ఇది కోపాన్ని అణుచుకోవడం నేర్పే యాంగర్ మేనేజ్‌మెంట్ క్లాసు కాదు.

మొత్తం ఎనిమిది అంశాలు, ఒక్కోదానికి మూడు వారాలు. మొదటి వారం చిన్న వీడియో చూసి చర్చిస్తారు. రెండో వారం ఎవరు చేసింది వాళ్లే బయటపెట్టాలి. మూడో వారం అదే సందర్భంలో ఇంకెలా నడుచుకోవచ్చో సాధన చేస్తారు. గ్రూపును ఒక మగ, ఒక ఆడ కలిసి నడపాలి.

దీని బలమంతా 'కంట్రోల్ లాగ్' అనే ఒక్క కాగితంలో ఉంది. ఏం చేశావు, ఎందుకు చేశావు, ఏ నమ్మకంతో, అప్పుడు నీకేమనిపించింది, తప్పును ఎలా చిన్నది చేసి చెప్పావు, ఆమె మీద, పిల్లల మీద ఏం ప్రభావం పడింది, వరసగా రాయాలి. "మాటా మాటా పెరిగింది" అని రాస్తే చెల్లదు. "తలుపుకు అడ్డంగా నిలబడి ఫోన్ లాక్కున్నాను" అని రాయాలి.

బలహీనత కూడా ఆ కాగితంలోనే ఉంది. 'ఏమనిపించింది' అన్న చోట అందరూ "కోపం" అని రాసేసి ముందుకు వెళ్లిపోతారు. దాని కింద అవమానమో, భయమో, వదిలేసి పోతుందన్న బెంగో ఉంటుంది. మగాడు ఏడవకూడదని పెంచినవాడికి వాటిని పేరుపెట్టి పిలవడమే రాదు. నడిపేవాళ్లు అక్కడ ఆగి తవ్వకపోతే క్లాసు ఉపన్యాసమైపోతుంది. అంతకంటే ప్రమాదం, మనిషి మారకుండా పదాలు మాత్రం నేర్చుకుని "నువ్వే నన్ను కంట్రోల్ చేస్తున్నావు" అని భార్య మీదే తిప్పడం. రూపకర్తల్లో ఒకరైన ఎలెన్ పెన్స్ కూడా, అధికార కాంక్షే మూలమన్న తమ చట్రం చాలామంది అనుభవానికి సరిపోలేదని 1999లో రాసింది. ఫ్లోరిడాలోని బ్రోవార్డ్ కౌంటీలో జరిగి 2003లో వెలువడిన అధ్యయనంలో, క్లాసుకు వెళ్లినవాళ్లకూ వెళ్లనివాళ్లకూ మళ్లీ హింసకు దిగడంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.

అయినా పనికిరాదని కొట్టిపారేయను. డులూత్‌లో ఇది విడిగా పుట్టిన క్లాసు కాదు. పోలీసు, కోర్టు, ప్రొబేషన్ (జైలుకు బదులు షరతులతో బయట ఉంచి కనిపెట్టుకునే) విభాగం, ఆమెకు అండగా నిలిచే సంస్థ కలిసి పనిచేసే ఏర్పాటులో ఒక భాగం. వాటిని తీసేసి క్లాసొక్కటే నడిపితే మిగిలేది సర్టిఫికెట్టే.

కాలిఫోర్నియాలో ఇలాంటి కేసులో ప్రొబేషన్ పడితే వారానికి కనీసం రెండు గంటల చొప్పున ఏడాది పాటు ఇలాంటి క్లాసుకు వెళ్లాలి. భార్యాభర్తలను కలిపి కూర్చోబెట్టే కౌన్సెలింగ్ అందులో ఉండకూడదని చట్టమే చెబుతుంది. ఆమె అతని ఎదుట నిజం చెబితే ఇంటికెళ్లాక దెబ్బలు తినాల్సి వస్తుంది మరి. మన గృహహింస నిబంధనలు (2006) కలిపి కౌన్సెలింగ్‌ను అనుమతిస్తాయి గానీ, అందులో అతను తన హింసను సమర్థించుకోకూడదు. "నువ్వూ కాస్త సర్దుకో" అనే కౌన్సెలర్ ఎదురైతే ఈ నిబంధనను గుర్తుచేయండి.

చేర్చేముందు రెండు విషయాలు అడగండి: ఆమెతో విడిగా, రహస్యంగా మాట్లాడే మనిషి ఉన్నారా? అతను గైర్హాజరైతే కోర్టుకు ఎన్ని రోజుల్లో తెలియజేస్తారు? సరైన జవాబు రాకపోతే ఫీజు కట్టకండి. అతను చేరాడన్న ఆశతో ఆమె తన భద్రతా ఏర్పాట్లను సడలించకూడదు.