కోనసీమ తీరంలో పారామోటర్ ఎక్కబోయేవారికి: డబ్బు కట్టేముందు అడగవలసిన ఒక ప్రశ్న

పండగ సెలవులకు కోనసీమ వచ్చి, స్నేహితులతో కలిసి మొదటిసారి గాలిలో ఎగరాలని అనుకుంటున్నవారు దయచేసి ఇది చదివిన తరువాతే అడ్వాన్సు పంపండి. రాజోలు దాటి సముద్రం వైపు వెళ్లే దారిలో, సరుగుడు తోటను ఆనుకుని ఉన్న ఇసుకలో టెంటు వేసుకుని పారామోటర్ (ఇంజను పంఖాతో, గుడ్డ రెక్కతో గాలిలోకి లేచే బండి) నడుపుతున్న ఒక బృందం దగ్గర ఈ సంక్రాంతి సెలవుల్లో మా మిత్రుడి మణికట్టు ఎముక విరిగింది. ప్రాణం మీదికి రాలేదు కాబట్టి ఇది ఏ పత్రికలోనూ రాలేదు. వ్యవహారం ఇంకా ఫిర్యాదు దశలో ఉన్నందున వారి పేరు రాయడం లేదు. రాసినా పెద్ద ఉపయోగం ఉండదు, ఇలాంటి టెంట్లు పండగకొక పేరుతో వెలుస్తూనే ఉంటాయి.

మాకు ఫోన్‌లో వచ్చిన ప్రకటనలో పడవ వెనుక తాడుతో ఎగిరే పారాసైలింగ్ బొమ్మ ఉంది. మనిషికి రూ. 2,500 అని, అందులో సగం ముందుగా ఫోన్‌పేలో పంపితేనే టోకెన్ ఇస్తామని చెప్పారు. డబ్బు జమ అయిన ఖాతా వ్యాపారం పేరు మీద కాక ఎవరో ఒక వ్యక్తి పేరు మీద ఉంది. తీరా అక్కడికి వెళితే పడవా లేదు, తాడూ లేదు. మూడు చక్రాల బండి, దాని వెనుక రెండు స్ట్రోకుల ఇంజను, ఆ ఇంజనుకు పంఖా, ఇసుక మీద పరిచిన గుడ్డ రెక్క కనిపించాయి. ఇదేమిటని అడిగితే, టోకెన్ల బల్ల దగ్గర కూర్చున్న పెద్దమనిషి, "రెండూ ఒకటేనండీ, పైగా ఇదే బాగుంటదండి, పైలట్ కూడా మీతోనే ఉంటాడు కదండీ" అన్నారు.

రెండూ ఒకటి కావు. పారాసైలింగ్‌లో గొడుగులా విచ్చుకునే గుడ్డను పడవో జీపో తాడుతో లాగుతుంది. అక్కడి ప్రమాదమంతా ఆ తాడు గట్టితనంలోను, గాలి వేగంలోను, లాగేవాడి నేర్పులోను ఉంటుంది. పారామోటర్‌కు లాగే తాడు ఉండదు. ముందు కూర్చున్న ప్రయాణికుడికి, వెనుకనున్న పైలట్‌కు, ఇంజనుకు, బండికి అన్నిటికీ కలిపి ఆ ఒక్క రెక్కే ఆధారం. ఆ రెక్కకు ఆకారాన్నిచ్చే చట్రమేదీ లేదు. ముందు అంచులో ఉన్న గదుల్లోకి గాలి దూరి ఉబ్బితేనే అది రెక్క అవుతుంది, ఒక పక్క గాలి తప్పితే ఆ పక్క ముడుచుకుపోతుంది. తగినంత ఎత్తులో ఇలా జరిగితే శిక్షణ పొందిన పైలట్ సరిచేసుకోగలడు. నేలకు దగ్గరగా ఉన్నప్పుడు సరిచేసుకునే వ్యవధే ఉండదు. కాబట్టి "ఎక్కువ ఎత్తుకు తీసుకెళ్లం, కొబ్బరిచెట్టు అంతే" అని అమ్మేవారు చెప్పేది మనకు ధైర్యం కలిగించవలసిన మాట కాదు.

ఆ రోజు మేము దగ్గర నుంచి చూసిన సామగ్రి గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇవి ఎవరైనా కంటితో పట్టుకోగలిగినవే. ప్రయాణికుడిని కూర్చోబెట్టి కట్టే హార్నెస్ పట్టీ ఒకప్పుడు ఎరుపు రంగుదై ఉండాలి, ఇప్పుడు ఎండకు వెలిసి లేత గులాబీ రంగుకు వచ్చింది, తొడ దగ్గర కుట్టు ఊడి దారపు పోగులు బయటికి వేలాడుతున్నాయి. నైలాన్ పట్టీ ఎండలో వెలిసిందంటే రంగుతో పాటు బలం కూడా పోతున్నట్టే లెక్క. రెక్క తాళ్లను హార్నెస్‌కు తగిలించే లోహపు కొక్కెం చుట్టూ ఉప్పు తెల్లగా పేరుకుపోయి, దాని తలుపు తనంతట తాను మూసుకోవడం లేదు. కుర్రవాడు ప్రతిసారీ బొటనవేలితో నొక్కి మూస్తున్నాడు. హెల్మెట్ అని ఇచ్చినది భవన నిర్మాణంలో పెట్టుకునే పసుపుపచ్చ టోపీ. గాలిలో ఎగిరే క్రీడల హెల్మెట్లకు ఈఎన్ 966 అనే ఐరోపా ప్రమాణం ప్రత్యేకంగా ఉంది, ఆ గుర్తు హెల్మెట్ లోపలి చీటీ మీద ఉంటుంది. అలాగే రెక్కలకు ఈఎన్ 926, అత్యవసర పారాచూట్లకు ఈఎన్ 12491 ఉన్నాయి. అత్యవసర పారాచూట్ ఏదని అడిగితే, "అంత ఎత్తుకు పోం కదండీ" అన్న సమాధానమే మళ్లీ వచ్చింది.

లైఫ్ జాకెట్ సంగతి మరీ విడ్డూరం. సముద్రం అంచున ఎగురుతూ లైఫ్ జాకెట్ లేదు, బండికి తేలే సంచులు లేవు. పారామోటర్ నీళ్లలో పడితే ఇంజను బరువు కిందికి లాగుతుంది, రెక్క తాళ్లు కాళ్లకు చుట్టుకుంటాయి, నడుముకు కట్టిన పట్టీలను నీటిలో విప్పుకోవడం ఈత వచ్చినవారికి కూడా కష్టం. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగిన తరువాత గోదావరి మీద బోటు ఎక్కేటప్పుడు లైఫ్ జాకెట్ అడగడం మన ప్రాంతంలో చాలామందికి అలవాటైంది. గాలిలోకి లేచే బండి దగ్గర మాత్రం ఆ ప్రశ్న మన నోట రావడం లేదు.

ఇక గాలి. శీతాకాలంలో మన తీరంలో ఉదయం పూట గాలి నేల వైపు నుంచి వీస్తుంది, ఎండ ఎక్కి ఇసుక వేడెక్కిన కొద్దీ సముద్రపు గాలి మొదలవుతుంది. ఈ రెండిటి మధ్య గాలి ఎటూ నిలవని ఒక వేళ ఉంటుంది. మా వంతు సరిగ్గా ఆ వేళకే వచ్చింది. పారామోటర్ నడిపేవారు తెల్లవారిన తరువాత కొద్ది గంటలు, సాయంత్రం పొద్దు గుంకే ముందు కొంతసేపు ఎంచుకోవడానికి కారణం ఇదే: అప్పుడు నేల వేడికి లేచే సుడులు తక్కువ, గాలి నిలకడగా ఉంటుంది. దీనికి తోడు నేల మీద నుంచి వచ్చే గాలి సరుగుడు తోటను దాటి దిగేటప్పుడు చెట్ల వెనుక దొర్లుతూ సుడులు తిరుగుతుంది. ఆ అలజడి చెట్టు ఎత్తుకు ఎన్నో రెట్ల దూరం దాకా ఉంటుంది. వారు రెక్క లేపే చోటు ఆ తోట నీడ పడేంత దగ్గరలో ఉంది. పైగా నేల వైపు నుంచి గాలి వీచేటప్పుడు ఇంజను ఆగిపోతే బండి సముద్రం మీదికే కొట్టుకుపోతుంది.

కర్రకు కట్టిన గుడ్డ పీలిక ఒకసారి సముద్రం వైపు, ఇంకోసారి తోట వైపు తిరుగుతోంది. పైలట్ పాతికేళ్లు దాటని కుర్రవాడు. అతడు ఆ పీలికను చాలాసేపు చూసి, బల్ల దగ్గరికి నడిచి వెళ్లి, గొంతు తగ్గించి ఏదో చెప్పాడు. మాకు వినిపించింది బల్ల దగ్గరి జవాబు మాత్రమే: "అడ్వాన్సులు తీసేసుకున్నాం కదరా, ఇప్పుడు తిరిగి ఎవడిస్తాడు? ఒక్క రౌండు తిప్పి దింపెయ్." అతడు వెనక్కి వచ్చి ఇంజను స్టార్టు చేశాడు.

రెక్క తల మీదికి లేచింది, బండి ఇసుకలో కొంతదూరం పరుగెత్తింది, ముందు చక్రం నేలను వదిలింది. అంతలో కుడివైపు సగం రెక్క ఒక్కసారిగా ముడుచుకుపోయింది. బండి అదే పక్కకు ఒరిగి బోర్లాపడింది, రెక్క తాళ్లలో కొన్నిటిని తిరుగుతున్న పంఖా కోసేసింది. మా మిత్రుడు పడేటప్పుడు చెయ్యి ఆనించడం వల్ల మణికట్టు విరిగింది, ఆ పంఖా చుట్టూ ఉన్న గొట్టపు చట్రం వంగినా ఊడిపోలేదు కాబట్టి వేళ్లు మిగిలాయి. టెంటులో ప్రథమ చికిత్స పెట్టె లేదు. ఎవరో మంచినీళ్ల సీసా తెచ్చి మోచేతి మీద పోశారు. మేము అతడిని లేవదీస్తుండగానే బల్ల దగ్గర నుంచి తరువాతి టోకెన్ నంబరు పిలవడం మా చెవులతో విన్నాం. రెక్క తాళ్లు తెగి ఉన్నాయన్న సంగతి కూడా అప్పటికి వారికి పట్టలేదు. రాజోలులో ఎక్స్‌రే తీయించి, అమలాపురంలో పిండికట్టు వేయించాం.

డబ్బు విషయానికి వస్తే, ఎగరని మా అందరి అడ్వాన్సు తిరిగి ఇమ్మంటే ఇవ్వలేదు సరికదా, దెబ్బ తిన్న మిత్రుడు కాళ్లు పైకెత్తడం వల్లే బండి ఒరిగిందని, తెగిన తాళ్ల ఖర్చు మేమే భరించాలని వాదించారు. ఎక్కేముందు ఆంగ్లంలో అచ్చువేసిన ఒక కాగితం మీద సంతకం తీసుకున్నారు, ఏం జరిగినా బాధ్యత తమది కాదని దాని సారాంశం. ఆ కాగితం చూపించి మమ్మల్ని భయపెట్టే ప్రయత్నం కూడా జరిగింది.

నేను ఈ పోస్టు రాయడానికి అసలు కారణం ఆ బల్ల దగ్గర జరిగిన సంభాషణే. పైలట్‌కు గాలి బాగోలేదని తెలుసు. ఎగరాలా వద్దా అన్న నిర్ణయం మాత్రం అతడి చేతిలో లేదు, డబ్బు పెట్టె దగ్గర ఉంది. అడ్వాన్సు తిరిగి ఇవ్వము అన్న షరతు పైకి డబ్బుకు సంబంధించినదిగా కనిపిస్తుంది కానీ, గాలి చెడినా బండి లేవవలసిందే అన్న ఒత్తిడి అక్కడే పుడుతుంది. కొనేవారి మీద కూడా అది అలాగే పనిచేస్తుంది. స్నేహితుల గుంపులో ఎవరికో ఒకరికి పట్టీ చూసి అనుమానం వస్తుంది, వద్దనుకుంటే డబ్బు పోతుంది, పైగా మిగిలినవారు పిరికివాడని ఆటపట్టిస్తారు. ఆ రెండూ కలిసి అతడిని కూర్చోబెడతాయి. అందుచేత ఫోన్ చేసినప్పుడే, ధర కంటే ముందు, "గాలి బాగోలేక మీరు ఆపినా, అక్కడికి వచ్చి చూసి మేము వద్దనుకున్నా డబ్బు మొత్తం తిరిగి ఇస్తారా? ఆ మాట రాసి పంపుతారా?" అని అడగండి. రాసి పంపనివారి దగ్గరికి వెళ్లకండి. ఈ రోజు ఆపాలని ఎవరు నిర్ణయిస్తారు అని కూడా అడగండి. పైలటే అన్న జవాబు తడుముకోకుండా రావాలి.

మిగిలినవి అక్కడికి వెళ్లాక చూసుకోవచ్చు. కేంద్ర పర్యాటక శాఖ, సాహస పర్యటనల నిర్వాహకుల సంఘంతో కలిసి 2018లో విడుదల చేసిన మార్గదర్శకాలలో పారాసైలింగ్‌కు, పారామోటర్‌కు విడివిడిగా అధ్యాయాలు ఉన్నాయి. శిక్షణ పొందిన పైలట్, సామగ్రి తనిఖీ, ఎక్కేముందు వివరణ, అత్యవసర ఏర్పాట్లు అన్నీ అందులో చెప్పినవే. కాబట్టి పైలట్ శిక్షణ పత్రం, స్థానిక అధికారుల అనుమతి, ప్రయాణికుల బీమా కాగితం చూపమనడం గొంతెమ్మ కోరిక కాదు. మన సొంత ప్రమాద బీమా ఉంది కదా అనుకోవద్దు, చాలా పాలసీలు సాహస క్రీడలలో తగిలిన గాయాలను మినహాయిస్తాయి. మన డెల్టాకు ప్రత్యేకమైన మరొకటి ఏ దారిన ఎగురుతారన్నది. రొయ్యల చెరువుల్లో నీటికి గాలి అందించే ఏరియేటర్ల కోసం వేసిన కరెంటు తీగలు ఇక్కడ ఎటు చూసినా ఉన్నాయి, పై నుంచి చూస్తే పచ్చటి నేల మీద సన్నటి తీగ కనపడదు, స్తంభాలను బట్టి ఊహించుకోవలసిందే. చెరువుల మీదుగా, తోటల మీదుగా తిప్పి చూపిస్తామని ఊరించేవారిని ఆ తీగల సంగతి అడగండి.

ఇప్పటికే డబ్బు పోగొట్టుకున్నవారికి: సేవకు రశీదు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. బాధ్యత లేదని రాసిన కాగితం మీద సంతకం చేసినంత మాత్రాన, నిర్లక్ష్యం మీద ఫిర్యాదు చేసే హక్కు పోదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. సంఘటన జరిగిన రెండేళ్లలోపు వేయాలి, చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు అయితే రుసుము లేదు, ఎక్కడ ఎగిరామన్నదానితో సంబంధం లేకుండా మనం నివసించే జిల్లాలోనే వేసుకోవచ్చు. హైదరాబాదు నుంచి వచ్చి వెళ్లినవారికి ఈ చివరి సంగతి ముఖ్యం. ప్రకటన స్క్రీన్‌షాట్, చెల్లింపు వివరాలు, సామగ్రి ఫొటోలు, ఆసుపత్రి చీటీలు తీసిపెట్టుకోండి. మేము హార్నెస్ పట్టీని, ఉప్పు పట్టిన కొక్కేన్ని ఎక్కేముందే ఫోన్‌లో ఫొటో తీశాం, మా ఫిర్యాదులో ఇప్పుడు అన్నిటికంటే బరువైనవి ఆ ఫొటోలే.

ఫిర్యాదు వెళ్లిన తరువాత వారి నుంచి ఒక ఫోన్ వచ్చింది. అడ్వాన్సులు తిరిగి ఇస్తామని, వైద్యం ఖర్చు అడగవద్దని, ఎక్కడా ఏమీ రాయవద్దని బేరం పెట్టారు. ఆ షరతులకు మేము ఒప్పుకోలేదు. అదే తీరంలో, అదే తోట పక్కన ఇలాంటి అనుభవం మరెవరికైనా ఎదురై ఉంటే, మా దానికి జతచేయమని అడగకుండా మీ పేరుతో మీరు వేరుగా ఫిర్యాదు నమోదు చేయండి. ఒకే చోటి మీద వేరువేరు మనుషుల నుంచి ఫిర్యాదులు వెళితే, అది ఒక ప్రయాణికుడు కాళ్లెత్తిన కథ అని కొట్టిపారేయడం వారికి కుదరదు.