ఊరికి ఏది మేలు: పంచాయతీయా, మున్సిపాలిటీయా, కార్పొరేషనా?

మేడ్చల్ జిల్లా కీసర పదిహేను నెలల్లో మూడు రకాల పాలన చూసింది. 2024 సెప్టెంబరు దాకా అది గ్రామ పంచాయతీ. ఆ నెలలో ఔటర్ రింగ్ రోడ్డు లోపల ఉన్నవీ, దాన్ని ఆనుకుని ఉన్నవీ కలిపి 51 పంచాయతీలను పక్క మున్సిపాలిటీల్లో కలిపేసినప్పుడు కీసర దమ్మాయిగూడ మున్సిపాలిటీలోకి పోయింది. 2025 డిసెంబరులో దమ్మాయిగూడతో సహా 20 మున్సిపాలిటీలు, 7 కార్పొరేషన్లు హైదరాబాద్ మహానగర కార్పొరేషన్ (జీహెచ్‌ఎంసీ)లో కలిశాయి. గుట్ట మీది రామలింగేశ్వరుడు తప్ప ఊళ్లో అందరి అడ్రసూ మారింది. ఘట్‌కేసర్ పక్కన ఏదులాబాద్, పెద్ద అంబర్‌పేట పక్కన బాచారం, గౌరెల్లి, తెల్లాపూర్ పక్కన ముత్తంగి కూడా ఇదే దారిలో నగరంలోకి వచ్చాయి.

ఈ ఊళ్లలో ఏ చాయ్ హోటల్ దగ్గర కూర్చున్నా ఒకటే వాదన. కలిసినందుకు లాభమా, నష్టమా? మొదట వినపడేది పన్ను గురించే. "ఇంటి పన్ను మూడింతలైతదట కాక" అని ఒకరు, "ప్లాటు రేటు పెరుగుతది గదా, పన్నుదేముంది" అని ఇంకొకరు. నా లెక్కలో పన్ను ఆఖర్న చూడాల్సిన సంగతి. ఊళ్లో పని కాకపోతే ఎవరిని పట్టుకుని అడగాలి, ఆ మనిషి చేతిలో పని చేసే సత్తా ఎంతుంది అనేవి ముందు చూడాలి. ఈ రెండూ ఒకే చోట దొరకకపోవడమే అసలు చిక్కు.

అడగడానికి మనిషి

పంచాయతీలో వీధి దీపం పోయిందనుకోండి. వార్డు మెంబరు ఆ గల్లీలోనే ఉంటాడు, లేదా పక్క గల్లీలో. "అన్నా, మా దిక్కు లైటు పోయి మూడొద్దులాయె" అంటే పంచాయతీ పనులు చూసే కారోబార్‌కు ఫోన్ చేస్తాడు. కారోబార్ మల్టీపర్పస్ వర్కర్‌ను నిచ్చెన పట్టుకుని పొమ్మంటాడు. పంచాయతీలో బల్బులు లేకపోతే ఆ మాటా చెప్తారు: "బిల్లులు రాలే చెల్లె, వచ్చే వారం చూద్దాం." పని కాకున్నా ఎందుకు కాలేదో తెలుస్తుంది. వచ్చే వారం కూడా కాకపోతే, ఆ మెంబరు పొద్దున పాలకు పోయేటప్పుడు మళ్లీ మన కంట పడతాడు.

కార్పొరేషన్‌లో యాప్ ఉంది, కాల్ సెంటర్ ఉంది, సోమవారం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణి ఉంది. ఫిర్యాదు ఇస్తే నంబరు వస్తుంది. దూరం నుంచి ఉద్యోగానికి పోయేవాళ్లకు ఇది నిజంగా సుఖం, ఎవరి గడపా తొక్కక్కర్లేదు. చదువురాని ముసలమ్మకు మాత్రం ఆ నంబరుతో ఏం చేయాలో తోచదు.

సంఖ్యలు చూస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. 2020 ఎన్నికల నాటికి జీహెచ్‌ఎంసీలో 150 వార్డులు. 2011 జనాభా లెక్క తీసుకున్నా సగటున ఒక్కో కార్పొరేటర్ వంతుకు 45 వేల మంది దాకా వచ్చారు. 2025 డిసెంబరులో వార్డులను 300 చేశారు, దాంతోపాటు నగరమూ ఔటర్ దాకా సాగింది. పంచాయతీ వార్డు మెంబరుకు వచ్చేది కొన్ని వందల ఓట్లే. పైగా సర్పంచ్‌ను ఊరే నేరుగా ఎన్నుకుంటుంది. మేయర్‌ను గానీ మున్సిపల్ చైర్‌పర్సన్‌ను గానీ మనం ఎన్నుకోం. కార్పొరేటర్లు, కౌన్సిలర్లు చేతులెత్తి ఎన్నుకుంటారు. ఎక్స్‌అఫీషియో, అంటే పదవి వల్ల వచ్చిన సభ్యత్వం పేరుతో ఎమ్మెల్యేలు, ఎంపీలు కూడా వచ్చి చెయ్యెత్తుతారు.

జనానికి ఈ సంగతి తెలుసని పోలింగే చెప్తుంది. 2020 డిసెంబరు 1న జీహెచ్‌ఎంసీకి 46.55 శాతం ఓట్లు పడ్డాయి. 2025 డిసెంబరులో మూడు విడతల పంచాయతీ ఎన్నికల్లో మొదటి విడతే 84 శాతం దాటింది. పల్లె జనానికి చైతన్యం ఎక్కువ, సిటీవాళ్లకు బద్ధకం అని టీవీల్లో అన్నారు గానీ, నాకు ఆ మాట నచ్చలేదు. తను వేసిన ఒక్క ఓటు గెలుపోటముల్ని మార్చగలదని తెలిసినచోట మనిషి దుబాయ్‌లో ఉన్న తమ్ముడికి కూడా ఫోన్ చేస్తాడు.

గ్రామసభ గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలి. చాలా ఊళ్లలో అది ఎట్లా జరుగుతుందో అందరికీ తెలిసిందే. రిజిస్టరు ముందుగా ఇళ్ల చుట్టూ తిరిగి సంతకాలు తెచ్చుకుంటుంది, తీర్మానం తర్వాత రాసుకుంటారు. అయినా సభ నిజంగా కూర్చున్న రోజున దాని రుచే వేరు. బడి ఆవరణలో ప్లాస్టిక్ కుర్చీలు, ముందు వరసలో మహిళా సంఘం వాళ్లు, వెనక గోడకు ఆనుకుని పోరగాళ్లు. సెక్రటరీ మేడమ్ ఖర్చుల పద్దు చదువుతుంది: బ్లీచింగ్ పౌడరు, ట్రాక్టరు డీజిలు, బోరు మోటరు రీవైండింగు. అక్కడ ఎవరో లేచి, "మేడమ్, గా మోటరు ఏడాదిల ఎన్నిసార్లు కాలింది? పోయిన సభలనూ గిదే చదివిన్రు" అంటారు. సభంతా సర్పంచ్ దిక్కు చూస్తుంది. ఇంత సూటి ప్రశ్నకు నగరంలో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి నెల రోజులు ఎదురుచూడాలి.

2019 మున్సిపల్ చట్టంలోనూ ఇలాంటి ఏర్పాటు లేకపోలేదు. ప్రతి వార్డుకూ యువతకు, మహిళలకు, వృద్ధులకు, ప్రముఖులకు నాలుగు కమిటీలు, ఒక్కోదానిలో 15 మంది. మీ వార్డులో ఆ అరవై మంది ఎవరో కనుక్కుని చూడండి. కనుక్కోగలిగితే మీది మంచి వార్డు.

చేసే సత్తా

ఇంతదాకా చదివితే నేను పంచాయతీ పక్షమని అనిపిస్తుంది. డ్రైనేజీ దగ్గరికి వస్తే నా మాట మారుతుంది.

శివారు పల్లెలో జరిగే కథ ఒకటే. పొలం ప్లాట్లవుతుంది. జీ ప్లస్ టూ అని అనుమతి తీసుకున్న ఇల్లు ఐదంతస్తులవుతుంది. గల్లీ వెడల్పు మాత్రం ఎడ్లబండి నాటిదే. అన్ని ఇళ్ల మురుగూ ఆరంగుళాల పైపులో పడి చివరికి చెరువులో తేలుతుంది. ఈ స్థితిలో సర్పంచ్ ఎంత మంచివాడైనా ఏం చేయగలడు? ఊరికి ఒక సెక్రటరీ, మండలానికి ఒకరో ఇద్దరో ఇంజినీర్లు. మురుగుకు పెద్ద ట్రంక్ లైను వేయాలన్నా, శుద్ధి కేంద్రం కట్టాలన్నా నగరం నీళ్లూ మురుగూ చూసే జలమండలి వంటి సంస్థ దిగాలి. పంచాయతీ చేయగలిగింది సీసీ రోడ్డు వేసి, ఆరు నెలలకు పైపు కోసం అదే రోడ్డును తవ్వడం. కొన్ని శివారు ఊళ్లలో సర్పంచులు బిల్డరుకు అడ్డు చెప్పకపోవడమే కాదు, వాళ్లే బిల్డర్లు. చేతికి అందే మనిషి ఉండటం ఇక్కడ ఎదురు తిరుగుతుంది. మనకు అందినట్టే అతను బిల్డరుకూ అందుతాడు.

నీళ్లలోనూ నగరానిదే పైచేయి. పల్లెకు మిషన్ భగీరథ నీళ్లు వస్తాయి, అవి చాలని రోజు పంచాయతీ బోరు దిక్కు. వాటర్‌మ్యాన్ గేట్‌వాల్వు ఏ గల్లీకి ముందు తిప్పుతాడనేది ఆ గల్లీ ఎవరి పార్టీ అన్నదాన్ని బట్టి ఉంటుందని ప్రతి ఊళ్లోనూ ఒక ఆరోపణ ఉంటుంది. జీహెచ్‌ఎంసీ పరిధిలో 2021 జనవరి నుంచి ఇంటికి నెలకు 20 వేల లీటర్లు ఉచితంగా ఇచ్చే పథకం మొదలైంది. దానికి మీటరు, ఆధార్ లాంటి షరతులు ఉన్నాయి.

ఇల్లు కట్టుకునే పేదకూ పట్టణం వైపే కొంత సులువు. ఇంటి అనుమతులకు 2020లో వచ్చిన టీఎస్-బీపాస్ అనే ఆన్‌లైన్ పద్ధతిలో 75 గజాల లోపు స్థలంలో చిన్న ఇల్లు కట్టుకుంటే అనుమతి అక్కర్లేదు, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలన్నారు. పంచాయతీలో అదే పనికి ఎన్నిసార్లు తిరగాలో, ఎవరితో చెప్పించుకోవాలో కట్టుకున్నవాళ్లనే అడగాలి.

డబ్బు ఎక్కడిది

2018లో తండాలనూ గూడేలనూ పంచాయతీలు చేశారు. రాష్ట్రంలో వాటి సంఖ్య 12,700 దాటింది. గౌరవం దక్కింది, మంచిదే. కానీ ఐదారు వందల మంది ఉన్న తండాలో ఇంటి పన్ను ఎంత వసూలవుతుంది? 2019లో పల్లె ప్రగతి కింద ట్రాక్టరు, ట్యాంకరు, నర్సరీ, వైకుంఠధామం (శ్మశానం) వచ్చాయి. ట్రాక్టరు వాయిదా, డీజిలు, డ్రైవరు జీతం పంచాయతీ నెత్తినే పడ్డాయి. కేంద్రం నుంచి వచ్చే పదిహేనో ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే వాడాలన్న నియమం ఉండేది. 2024 ఫిబ్రవరి నుంచి సర్పంచులు లేక ప్రత్యేకాధికారుల పాలన నడిచింది. ఎన్నికైన పాలకవర్గం లేదని ఆ నిధులూ ఆగాయి. అంతకుముందు సొంత డబ్బు పెట్టి పనులు చేసిన సర్పంచులు బిల్లుల కోసం దిగిపోయాక కూడా ఆఫీసుల చుట్టూ తిరిగారు. నెలకు 6,500 గౌరవ వేతనం ఉన్న పదవి కోసం లక్షలు ఖర్చు పెట్టేవాళ్లను చూస్తే జాలిపడాలో అనుమానపడాలో తెలియదు.

నగరంలో కలిసిన పల్లె పోగొట్టుకునే డబ్బు ఒకటుంది, దాని గురించి ప్లాట్లు ఉన్నవాళ్లు మాట్లాడరు. ఉపాధి హామీ పని పల్లెలకే. ఊరు పట్టణం అయిన రోజు జాబ్ కార్డు చెల్లదు. ఎండాకాలం కాల్వ పూడికతీతకూ, కందకాల పనికీ పోయే కూలీ ఆడవాళ్లకు ఆ కొద్ది వారాల కూలీ పోతుంది. ఆ పథకంలో సామగ్రికి ఇచ్చే డబ్బుతో పడే సీసీ రోడ్లూ ఆగుతాయి. ప్లాటు రేటు పెరిగిందని సంబరపడేవాడూ, కూలీ పోయిందని దిగులుపడే ఆమే ఒకే ఊళ్లో ఉన్నారు. ఊరికి లాభమా అని అడిగితే ఊళ్లో ఎవరికని తిరిగి అడగాలి.

పన్ను సంగతి చివర్న అన్నాను గదా. పంచాయతీలో తక్కువ, పట్టణంలో ఎక్కువ. ఖాళీ స్థలానికీ పన్ను పడుతుంది, బకాయికి వడ్డీ పడుతుంది. జీహెచ్‌ఎంసీలో 2016లో ఏడాది పన్ను 1,200 రూపాయల లోపున్న సొంత ఇళ్లకు 101 రూపాయలు చాలన్నారు. కాబట్టి చిన్న ఇంటివాళ్లు అంతగా భయపడాల్సింది లేదు. ప్లాట్లు కొని పడేసినవాళ్లే ఎక్కువ అరుస్తున్నారు.

మధ్యలో మున్సిపాలిటీ

మున్సిపాలిటీ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. శివారు మున్సిపాలిటీల్లో చాలావాటికి 2020 జనవరిలో పాలకవర్గాలు వచ్చాయి, 2025 జనవరిలో గడువు తీరింది, డిసెంబరుకల్లా ఆ మున్సిపాలిటీలే లేవు. కమిషనర్ ఆఫీసు దగ్గరగా ఉండేది, కౌన్సిలర్ మొహం తెలిసేది. అయినా పెద్ద డ్రైనేజీ వేయడానికి డబ్బు లేదు, ఉపాధి హామీ ముందే పోయింది. రెండు వైపుల నష్టాలూ అక్కడ చేరాయి. నగరంలో కలవడం తప్పనప్పుడు మధ్యలో ఆ మెట్టు ఎందుకో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

ఇందులో నాకు ఎక్కువ కష్టమనిపించింది ఓటు సంగతి. 51 ఊళ్ల వాళ్లు 2019 జనవరిలో సర్పంచ్‌కు ఓటేశారు. ఆ తర్వాత ఊరు మున్సిపాలిటీ అయింది, కార్పొరేషన్ అయింది. మధ్యలో ఊరి పాలకులను ఎన్నుకోవడానికి ఒక్కసారి కూడా వాళ్ల వేలికి సిరా అంటలేదు. 2025 డిసెంబరులో 31 జిల్లాల్లో పంచాయతీ ఎన్నికలు జరిగాయి. హైదరాబాద్‌లో, మేడ్చల్‌ జిల్లాలో జరగలేదు, ఆ రెండింట్లో పంచాయతీలే లేవు. జిల్లా హద్దుకు అవతలి ఊళ్లో డప్పు చాటింపూ, గుర్తుల పంపకమూ జరుగుతుంటే ఇవతలి ఊరివాళ్లు చుట్టాల ఓట్ల గురించి మాట్లాడుకున్నారు.

మరి ఏది మేలు? ఊళ్లో సగానికి పైగా ఇంకా వ్యవసాయం మీదో కూలీ మీదో బతుకుతుంటే, ఇళ్లు ఒకటి రెండంతస్తులు దాటకుంటే, పంచాయతీయే మేలు. దాన్ని పోనివ్వొద్దని గట్టిగా అడగాలి. ఊరి చెరువులోకి అపార్ట్‌మెంట్ల మురుగు దిగడం మొదలైతే కార్పొరేషనే మేలు, అదీ ఆలస్యం చేయకుండా. మొదలైన తర్వాత కూడా పంచాయతీయే ఉండాలని పట్టుబట్టే ఊరి పెద్దల మాట వెనుక అనుమతుల ఆదాయం ఉందేమో ఒకసారి చూసుకోవాలి.

ఇప్పటికే కలిసిపోయిన ఊళ్లవాళ్లు మేలూ కీడూ లెక్కలు పక్కనబెట్టి కొన్ని కాగితాలు వెతకాలి. పాత ఇంటి నంబరుతో ఉన్న పన్ను రశీదులు, పంచాయతీ ఇచ్చిన నిర్మాణ అనుమతి, గ్రామకంఠంలో (ఊరి పాత నివాస స్థలంలో) ఇల్లుంటే దానికి సంబంధించిన ధ్రువపత్రం. అన్నిటికన్నా ముఖ్యం, ఊరి లేఅవుట్లలో పార్కులకూ బడికీ వదిలి పంచాయతీ పేర రాసిచ్చిన స్థలాల జాబితా. రికార్డులు చేతులు మారేటప్పుడు ఆ జాబితా అప్పగింత పత్రాల్లో ఉందో లేదో, సర్వే నంబర్లతో సహా ఉందో లేదో, కార్పొరేషన్ సర్కిల్ ఆఫీసులో రాతపూర్వకంగా అడిగి, కాపీ తీసుకుని పెట్టుకోవాలి. పాత సెక్రటరీకి బదిలీ కాకముందే ఆ పని అయితే ఇంకా మంచిది, ఏ స్థలం ఎక్కడుందో ఆ మనిషికే తెలుసు.