ఓవ్యులేషన్ స్ట్రిప్పులు: గీత ముదిరేదాకా ఆగకండి

మెడికల్ షాపుల్లో ప్రెగ్నెన్సీ కార్డుల పక్కనే దొరికే ఓవ్యులేషన్ స్ట్రిప్పులు కొనదగ్గవే. ఓవ్యులేషన్ అంటే అండం విడుదల. అది దగ్గరపడినప్పుడు మూత్రంలో ముంచిన ఈ పట్టీ మీద టెస్ట్ గీత ముదురుతుంది. నెలసరి ఓ మోస్తరు క్రమంగా వస్తూ, పిల్లల కోసం ఈమధ్యే ప్రయత్నం మొదలుపెట్టిన దంపతులకి ఇవి బాగా పనికొస్తాయి. 40 ఏళ్ల లోపు ఉండి, ఏడాదికి మించకుండా ప్రయత్నిస్తున్న స్త్రీలలో ఈ మూత్ర పరీక్ష వల్ల గర్భం వచ్చే అవకాశం కొంత పెరుగుతుందని వైద్య పరిశోధనలన్నిటినీ కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2023 నాటి సమీక్ష కూడా తేల్చింది. కాకపోతే వీటిని వాడేటప్పుడు చాలామంది ఒకే పొరపాటు చేస్తారు. గీత ముదిరేదాకా దూరంగా ఉండి, ముదిరిన రోజు మాత్రమే కలుస్తారు. నెలలో మంచి రోజులు సగానికి పైగా అలాగే చేజారిపోతాయి.

ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. అమెరికాలోని నార్త్ కరొలైనాలో 1982లో ఒక అధ్యయనం మొదలైంది. గర్భనిరోధక సాధనాలు మానేసి పిల్లల్ని కనాలనుకున్న 221 మంది స్త్రీలు అందులో చేరారు. రోజూ పొద్దున్నే మూత్రం చిన్న సీసాలో పట్టి ఇంట్లో ఫ్రీజర్‌లో దాచేవారు. కలిసిన రోజులు రాసి పెట్టుకునేవారు. అలెన్ విల్‌కాక్స్, క్లారిస్ వైన్‌బర్గ్, డోనా బైర్డ్ ఆ సీసాల్లోని హార్మోన్లని కొలిచి, ఏ నెలలో ఏ రోజున అండం విడుదలైందో లెక్కగట్టి, 1995లో ఫలితాలు ప్రచురించారు. అండం విడుదలైన రోజు, దానికి ముందు ఐదు రోజులు, మొత్తం ఆరు రోజుల్లో కలిసినప్పుడే గర్భం వచ్చింది. ఐదు రోజుల ముందు కలిస్తే అవకాశం 10 శాతం, విడుదలైన రోజుకి వచ్చేసరికి 33 శాతం. ఆ రోజు దాటాక కలిసినందువల్ల వచ్చిన గర్భం ఒక్కటీ లేదు.

ఇప్పుడు స్ట్రిప్పు సంగతి చూద్దాం. అది పట్టుకునేది ఎల్‌హెచ్ అనే హార్మోన్‌ని. ఎల్‌హెచ్ ఒక్కసారిగా ఎగసిన తర్వాత సుమారు 24 నుంచి 36 గంటల్లో అండం విడుదలవుతుంది. అంటే గీత ముదిరేసరికే ఆ ఆరు రోజుల్లో మూడు నాలుగు గడిచిపోయి ఉంటాయి. వీర్యకణాలు లోపల ఐదు రోజుల వరకు బతకగలవు. అండం మాత్రం ఒక రోజుకి మించి నిలవదు. అందుకే వీర్యకణాలు ముందే చేరి అండం కోసం ఎదురుచూడటం మేలు. స్ట్రిప్పులు మొదలుపెట్టిన రోజు నుంచే రోజు విడిచి రోజు కలవండి. గీత ముదిరిన రోజూ, ఆ మర్నాడూ తప్పించకండి. స్ట్రిప్పుని ఆఖరి పిలుపుగా వాడుకోవాలి, మొదటి పిలుపుగా కాదు.

ఏ రోజున మొదలుపెట్టాలి? గత ఆరు నెలల్లో ఒక నెలసరి మొదటి రోజు నుంచి తర్వాతి నెలసరి దాకా అన్నిటికంటే తక్కువగా ఎన్ని రోజులు వచ్చాయో చూసి, అందులోంచి 17 తీసేయండి. 28 రోజులైతే 11వ రోజు, 30 అయితే 13వ రోజు, 26 అయితే 9వ రోజు. రక్తస్రావం సరిగ్గా మొదలైన రోజు ఒకటో రోజు. అంతకు ముందు కనిపించే మరకలని లెక్కలోకి తీసుకోకూడదు. ఫోన్ యాప్ చూపించే 'సారవంతమైన రోజుల'ని నమ్మి అప్పటిదాకా ఆగితే దెబ్బతింటారు. అదే నార్త్ కరొలైనా సమాచారంతో 2000లో వచ్చిన మరో పత్రం ప్రకారం, ఆ ఆరు రోజులూ మామూలుగా చెప్పే 10వ రోజుకీ 17వ రోజుకీ మధ్యే పూర్తిగా ఇమిడిన స్త్రీలు సుమారు 30 శాతమే.

పరీక్షకి పొద్దున్నే పట్టిన మూత్రం అంత మంచిది కాదు. ప్రెగ్నెన్సీ కార్డుకి అలవాటైనవాళ్లు ఇక్కడే తికమకపడతారు. ఎల్‌హెచ్ రక్తంలో ఎక్కువగా తెల్లవారుజామున ఎగసి, మూత్రంలోకి దిగడానికి కొన్ని గంటలు తీసుకుంటుంది. ఉదయం పది దాటాక, రాత్రి ఎనిమిది లోపు ఏదో ఒక వేళ పెట్టుకుని రోజూ అప్పుడే చూడండి. దానికి ముందు రెండు గంటలు మూత్రం ఆపుకోండి. నీళ్లు, మజ్జిగ, కాఫీ బాగా తగ్గించండి. చెంబెడు నీళ్లు తాగి చూస్తే హార్మోన్ పలచబడి, ముదరాల్సిన గీత లేతగానే మిగిలిపోతుంది.

స్ట్రిప్పుని బాణం గుర్తు కిందికి ఉండేలా పట్టుకుని, మ్యాక్స్ అని గీసిన చోటు దాటకుండా ముంచాలి. ఎన్ని సెకన్లన్నది పెట్టెలోని కాగితం మీద ఉంటుంది. కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి పాత పెట్టె లెక్క కొత్తదానికి వాడొద్దు. మ్యాక్స్ గుర్తు దాటి ముంచితే రంగు కొట్టుకుపోయి పట్టీ అంతా గులాబీ రంగు పులుముకుంటుంది, ఆ స్ట్రిప్పు పారేయాల్సిందే. తీసి ఎండిన బల్ల మీద పడుకోబెట్టి ఐదు నిమిషాలు ఆగండి. ముందు పట్టీ మీద తడి పాకడం కనిపిస్తుంది, తర్వాత పట్టుకునే చివరకి దగ్గరగా కంట్రోల్ గీత, దాని కింద టెస్ట్ గీత తేలతాయి. పది నిమిషాలు దాటాక కనిపించేదాన్ని నమ్మకండి, ఎండుతున్న కొద్దీ గీత రంగు మారుతుంది.

ప్రెగ్నెన్సీ కార్డు మీద లేత గీత పడినా అవుననే అర్థం. ఇక్కడ అలా కాదు. ఎల్‌హెచ్ ఒంట్లో ఎప్పుడూ కొంత ఉంటుంది కాబట్టి లేత గీత చాలామందికి రోజూ పడుతూనే ఉంటుంది. టెస్ట్ గీత కంట్రోల్ గీతంత ముదురుగానైనా, ఇంకా ముదురుగానైనా ఉంటేనే ఎల్‌హెచ్ ఎగసినట్టు. కంట్రోల్ గీతే రాకపోతే ఆ స్ట్రిప్పు చెడిపోయినట్టు. రోజువారీ స్ట్రిప్పులని తేదీ రాసి ఒక కాగితం మీద వరసగా అతికించి పెట్టుకుంటే, రంగు పెరగడం, పడిపోవడం స్పష్టంగా తెలుస్తుంది. కొందరిలో ఎల్‌హెచ్ పది పన్నెండు గంటల్లోనే ఎగసి పడిపోతుంది. గీత ముదురుతున్నట్టు అనిపించిన రోజు సాయంత్రం ఇంకోటి వాడటం దండగ కాదు.

మన ఎండల గురించి ఒక మాట. వీటిని చాలావరకు 30 డిగ్రీలకి మించని చోట ఉంచాలని పెట్టె మీదే రాసి ఉంటుంది. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో స్కూటర్ డిక్కీలో సాయంత్రం దాకా పడి ఉన్న పెట్టెని నమ్మలేం. ఫ్రిజ్‌లో పెట్టడమూ వద్దు. కోస్తాలో తేమ ఎక్కువ కాబట్టి సరిగ్గా వాడబోయేదాకా కవరు చించకండి.

ఈ పరీక్ష కొందరికి అసలు సరిపడదు. పీసీఓఎస్ (హార్మోన్ల తేడా వల్ల అండం సరిగ్గా విడుదల కాని సమస్య) ఉన్నవాళ్లలో ఎల్‌హెచ్ మామూలుగానే ఎక్కువ ఉండి రోజూ ముదురు గీతే రావచ్చు. లేదా ఎగసి, అండం విడుదల కాకుండానే తగ్గి, మళ్లీ ఎగయవచ్చు. అలాంటివాళ్లు వరసగా పెట్టెలు కొంటూ మనసు పాడుచేసుకోవద్దు, అండం పెరుగుదలని అల్ట్రాసౌండ్‌లో చూసే ఫాలిక్యులర్ స్కాన్ ఎన్నో రెట్లు మేలు. అండం విడుదలకి ఇచ్చే క్లోమిఫీన్ మాత్రలు వాడుతుంటే ఆఖరి మాత్ర వేసుకున్న తర్వాత కనీసం మూడు రోజులు ఆగి చూడాలి. అండం విడుదల కోసం ఇచ్చే హెచ్‌సీజీ ఇంజెక్షన్ చేయించుకున్నవాళ్లకి గీత ముదిరినా అర్థం లేదు, ఆ మందుకే స్ట్రిప్పు రంగు మారుతుంది. ఎవరికైనా సరే, ముదురు గీత అండం విడుదలైందనడానికి రుజువు కాదు. రుజువు కావాలంటే విడుదలైందనుకున్న రోజుకి వారం తర్వాత ప్రొజెస్టరాన్ రక్త పరీక్ష చేయించాలి.

రకాల మధ్య తేడా పెద్దగా లేదు. చుక్కలు వేసే కార్డులో ముంచే పొరపాట్లు ఉండవు, కానీ ధర ఎక్కువ. నవ్వు ముఖం చూపించే డిజిటల్ రకాల్లో ఈస్ట్రోజన్ అనే మరో హార్మోన్‌ని కూడా కొలిచేవి ఉన్నాయి. అవి ఎల్‌హెచ్ కంటే ముందే హెచ్చరిస్తాయి కాబట్టి పైన చెప్పిన లోటు కొంత తీరుతుంది. రెండు గీతల రంగు పోల్చలేక ఇబ్బందిపడేవాళ్లకి వాటి మీద పెట్టే డబ్బు వృథా కాదు. మిగతావాళ్లకి ఆన్‌లైన్‌లో దొరికే పెద్ద ప్యాక్ చాలు, గడువు తేదీ మాత్రం చూసి కొనండి.

ఈ పెట్టె కొనేటప్పుడే ఫోలిక్ యాసిడ్ మాత్రలు కూడా కొనాలని గట్టిగా చెబుతాం. బిడ్డ వెన్నుపాముగా, మెదడుగా మారే నాళం గర్భం పడిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది. అప్పటికి చాలామందికి నెల తప్పిందన్న సంగతే సరిగ్గా తెలియదు. మామూలుగా రోజుకి 400 మైక్రోగ్రాములు, ప్రయత్నానికి రెండు మూడు నెలల ముందు నుంచే వేసుకోవాలి. షాపులో అడగగానే చేతిలో పెట్టేది తరచూ 5 మిల్లీగ్రాముల మాత్ర. అంత మోతాదు అందరికీ అవసరం లేదు. ఇదివరకు వెన్ను లోపంతో బిడ్డ పుట్టినవాళ్లకీ, మధుమేహం లేదా మూర్ఛ మందులు ఉన్నవాళ్లకీ ఎంత వేసుకోవాలో డాక్టరే చెప్పాలి.

ముందు నుంచి అన్న మాటకి బలమైన ఉదాహరణ ముంబై అధ్యయనం. 2006 నుంచి 2012 దాకా అక్కడి బస్తీల్లో 6,513 మంది స్త్రీలని తీసుకుని, కొందరికి గర్భం రాకముందు నుంచే ఆకుకూరలు, పండ్లు, పాలు కలిపిన చిరుతిండి రోజూ పెట్టారు. మిగతావాళ్లకి బంగాళాదుంప, ఉల్లి లాంటివాటితో చేసినది ఇచ్చారు. మొత్తం మీద చూస్తే బిడ్డల బరువులో చెప్పుకోదగ్గ తేడా లేదు. గర్భానికి కనీసం 90 రోజుల ముందు మొదలుపెట్టినవాళ్ల బిడ్డలు మాత్రం సగటున 48 గ్రాములు ఎక్కువ తూగారు. గర్భిణిగా ఉన్నప్పుడు వచ్చే షుగర్ కూడా 12.4 శాతం నుంచి 7.3 శాతానికి తగ్గింది. గోంగూర, తోటకూర, జామపండు, గ్లాసుడు పాలు ఏ స్ట్రిప్పుకన్నా ఖరీదు కావు.

గీత ముదిరాక ప్రెగ్నెన్సీ కార్డు కోసం తొందరపడొద్దు. అండం విడుదలయ్యాక పిండం సాధారణంగా 8 నుంచి 10 రోజులకి గర్భాశయానికి అంటుకుంటుంది. నార్త్ కరొలైనాలో గర్భాల్లో 22 శాతం బయటికి తెలియకుండానే పోయాయి. ఆ స్త్రీలు చేసిన తప్పేమీ లేదు. తొమ్మిదో రోజు నుంచే కార్డులు వాడితే ఇలాంటివి కూడా కంటపడి ఊరికే దుఃఖం మిగులుతుంది. నెలసరి తేదీ దాటేదాకా ఆగండి.

ఈ స్ట్రిప్పు భర్త గురించి ఏమీ చెప్పదు, అండం ప్రయాణించే ట్యూబుల గురించీ చెప్పదు. 35 ఏళ్ల లోపైతే ఏడాది, దాటితే ఆరు నెలలు ప్రయత్నించి, ఆపైన ఇద్దరూ కలిసి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. వీర్య పరీక్ష మొదటి రోజే చేయించండి, అన్నిటికంటే సులువైనది అదే. తేదీలు రాసి స్ట్రిప్పులు అతికించిన కాగితం వెంట తీసుకెళ్లండి. ఏ రోజుల్లో స్కాన్లు చేయాలో నిర్ణయించడానికి డాక్టరుకి అది పనికొస్తుంది.