ఫెయిత్ నో మోర్: ఏళ్ల తరబడి విన్నా పాతబడని బ్యాండు

ఫెయిత్ నో మోర్ పేరెత్తగానే అందరూ మైక్ ప్యాటన్ గొంతు గురించే మాట్లాడతారు. మాట్లాడాల్సిందే. ఒకే పాటలో గుసగుసలాడి, జోలపాడి, గర్జించి, చివరికి తీయగా రాగం తీయగల గొంతు రాక్ సంగీతంలో చాలా అరుదు. అయితే ఈ బ్యాండును ఏళ్ల తరబడి, దాదాపు విడవకుండా వింటూ వచ్చిన నేను చెప్పదలచుకున్నది మరొకటి ఉంది. ఈ బ్యాండు ప్రాణం అడుగున ఉంది. బిల్లీ గౌల్డ్ బేస్ గిటారు, మైక్ బోర్డిన్ డ్రమ్స్, రాడీ బాటమ్ కీబోర్డు. మిగతాదంతా వీటి మీదే నిలబడింది. 1985 నుంచి 2015 దాకా వచ్చిన ఏడు స్టూడియో ఆల్బమ్‌లలో గాయకులు ఇద్దరు, గిటారిస్టులు ముగ్గురు మారారు. గౌల్డ్, బోర్డిన్, బాటమ్ మాత్రం ఏడింటిలోనూ ఉన్నారు. మెటల్, ఫంక్, ర్యాప్, సోల్, బోసా నోవా, ఏ దారిలో పోయినా వాళ్ల పాటను మొదటి కొన్ని క్షణాల్లోనే గుర్తుపట్టగలగడానికి కారణం అదే.

1980ల మొదట్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో, పోస్ట్ పంక్ వాతావరణంలో, అంటే పంక్ రాక్ తర్వాత వచ్చిన ప్రయోగాల మధ్య పుట్టిన బ్యాండు ఇది. మెటల్ వాయించేవాళ్లు సరదాకు ఫంక్ కలుపుకొని చేసిన ప్రయోగం కాదు. ఆ తేడా వింటే తెలుస్తుంది. మామూలు మెటల్ బ్యాండులో రిఫ్, అంటే పాటలో మళ్లీ మళ్లీ వచ్చే చిన్న స్వరవరస, గిటారు మీద పుడుతుంది, బేస్ దాని వెనక నడుస్తుంది. ఇక్కడ అంతా తలకిందులు. గౌల్డ్ బేస్ తీగల మీద ఒక వరస మొదలుపెడతాడు. బోర్డిన్ దాని చుట్టూ టామ్ డ్రమ్ముల బరువైన దెబ్బలు పేరుస్తాడు. గిటారు ఆ తర్వాత వచ్చి కలుస్తుంది. బోర్డిన్ పశ్చిమ ఆఫ్రికా డ్రమ్ముల వాదనాన్ని శ్రద్ధగా నేర్చుకున్నవాడు. అతని దెబ్బల్లో పరుగు కన్నా నాట్యం ఎక్కువ వినిపించడం అందుకేనని నా నమ్మకం. ఇక కీబోర్డు. ఆ రోజుల్లో మెటల్ శ్రోతలు దాన్ని చిన్నచూపు చూసేవారు. బాటమ్ దాన్ని నగలా తగిలించలేదు. గిటారు ఆగ్రహంగా ఉన్నచోట అతను దీర్ఘమైన, చల్లని, దిగులు నిండిన స్వరాలు పరుస్తాడు. ఒకే క్షణంలో పాట రెండు మనసులతో ఉంటుంది. శైలులు కలపడం అంటే ఈ బ్యాండు విషయంలో ఇదే. ఒక ముక్క ర్యాప్, ఒక ముక్క మెటల్ అని వరసగా అతికించడం కాదు, రెండింటినీ ఒకేసారి మోగించి ఏదీ లొంగకుండా చూడడం.

తొలి రెండు ఆల్బమ్‌లలో, అంటే 1985, 1987 నాటి వాటిలో, గాయకుడు చక్ మోస్లీ. ప్యాటన్‌తో పోల్చి అతన్ని పక్కన పెట్టేసే అభిమానులతో నేను ఏకీభవించను. శ్రుతి తప్పుతాడు, నిజమే. కానీ 'వి కేర్ ఎ లాట్'లో కావలసింది శ్రుతిశుద్ధి కాదు. లోకంలోని విపత్తులన్నింటినీ వరసపెట్టి చదువుతూ, మాకు ఎంతో బాధగా ఉందని అనే ఆ వెటకారపు కేక మోస్లీకే సరిపోయింది. మొదటి ఆల్బమ్‌లోని ఈ పాటను 1987లో మళ్లీ రికార్డు చేశారు. నాకు ఆ రెండో రూపమే ఎక్కువ ఇష్టం, బేస్ అందులో గుండెల మీద మోగుతుంది. తొలి ఆల్బమ్ 2016లో మళ్లీ విడుదలైనప్పుడు పాత మిత్రులు మోస్లీతో కలిసి వేదిక ఎక్కారు. మరుసటి ఏడాది అతను చనిపోయాడు. ఆ సయోధ్య కుదిరాక పోయాడన్నది అభిమానులకు మిగిలిన ఊరట.

1988లో ప్యాటన్ వచ్చేనాటికి మూడో ఆల్బమ్ సంగీతం చాలావరకు సిద్ధంగా ఉంది. ఇరవై ఒకటి నిండీ నిండని ఆ కుర్రాడు దాదాపు రెండు వారాల్లో సాహిత్యం రాసి పాడేశాడు. అలా 1989లో 'ది రియల్ థింగ్' వచ్చింది. అందులోని 'ఎపిక్' 1990లో అమెరికా బిల్‌బోర్డ్ హాట్ 100 పట్టికలో 9వ స్థానానికి చేరింది. చాలామందికి ఈ బ్యాండు అంటే ఇప్పటికీ ఆ ఒక్క పాటే. ఎన్నిసార్లు విన్నా ఆ పాటలో నన్ను పట్టి కూర్చోబెట్టేది చివరి భాగం. ర్యాప్ అయిపోయింది, కేకలు అయిపోయాయి, జిమ్ మార్టిన్ గిటారు సోలో చెలరేగింది. ఆ తర్వాత హోరంతా క్రమంగా వెనక్కి తగ్గి ఒంటరి పియానో మిగులుతుంది. అదే స్వరవరస, అదే విషాదం. అప్పుడు అర్థమవుతుంది, ఇంతసేపూ ఆ హోరు కింద ఈ పియానో పాటే నడుస్తోందని. రేడియోలో ఆ చివరి భాగాన్ని కత్తిరించి వేస్తే నాకు పాట సగమే విన్నట్టుంటుంది.

అదే ఆల్బమ్‌లోని 'జాంబీ ఈటర్స్' గురించి ఎవరూ తగినంత చెప్పరు. మెత్తటి గిటారు మీటుతో, పసిబిడ్డ దృష్టిలోంచి పాడిన జోలలా మొదలవుతుంది. ఆ బిడ్డ ప్రేమలోని స్వార్థం, పట్టు, ఆకలి ఒక్కసారిగా బయటపడే చోట మొత్తం బ్యాండు మీద పడుతుంది. బరువైన రిఫ్ ఇక్కడ బల ప్రదర్శనకు రాలేదు, కథకు అవసరమై వచ్చింది. రికార్డింగు నాణ్యత విషయంలో మాత్రం ఒక ఫిర్యాదు ఉంది. ఈ ఆల్బమ్ ధ్వని కొంచెం పలచన. పై శబ్దాలు మెరిసినంతగా కింది శబ్దాలు నిండవు. చిన్న ఇయర్‌ఫోన్లలో వింటే బోర్డిన్‌కు అన్యాయం జరుగుతుంది. ఇదే పాటలను 1990లో లండన్ బ్రిక్స్‌టన్ అకాడమీలో వాయించిన ప్రత్యక్ష రికార్డింగు ఆ లోటు తీరుస్తుంది.

ఇక 'ఏంజెల్ డస్ట్'. 1992 జూన్‌లో వచ్చింది. విజయం దక్కిన సూత్రాన్నే మళ్లీ వాడుకోవడం ఎవరికైనా సులభం. వీళ్లు ర్యాప్‌ను దాదాపు వదిలేశారు, వేరే రికార్డుల తునకలను పాటలో వాయించే శాంప్లర్‌ను తెచ్చుకున్నారు, ప్యాటన్ మూడేళ్ల కిందటి ముక్కుగొంతును పూర్తిగా మార్చేశాడు. అట్ట మీద నీలి నేపథ్యంలో అందమైన తెల్లని కొంగ, వెనక అట్ట మీద కబేళాలో వేలాడుతున్న ఆవు. లోపలి సంగీతం కూడా అంతే, అందమూ అసహ్యమూ పక్కపక్కనే. అమెరికాలో ఇది ముందరి ఆల్బమ్ అంత అమ్ముడుపోలేదు. మిగతా చాలా దేశాల్లో బాగా ఆదరించారు.

'మిడ్‌లైఫ్ క్రైసిస్' తీసుకోండి. డ్రమ్స్‌లో సైమన్ అండ్ గార్ఫంకెల్ 'సిసిలియా' నుంచి తీసిన లయ తునక ఒకటి కలిసి ఉంది. చరణంలో ప్యాటన్ పళ్లు బిగించి, మాటలను ఒక్కొక్కటిగా డ్రమ్ము దెబ్బల మధ్యకు నెడతాడు. అది పాడటమూ కాదు, ర్యాప్ కూడా కాదు. పల్లవి రాగానే కిటికీ తెరిచినట్టు గొంతులన్నీ పొరలు పొరలుగా పైకి లేస్తాయి. మధ్యలో ఒకచోట అంతా ఆగి కీబోర్డు ధ్వనులు మాత్రం తేలతాయి. చివర చరణం గొంతూ పల్లవి గొంతూ ఒకదాని మీద ఒకటి నడుస్తాయి. హెడ్‌ఫోన్లలో ఆ చివరి అర నిమిషం వినండి. ఒకసారి ఒక గొంతును మాత్రమే పట్టుకొని, ఇంకోసారి రెండోదాన్ని పట్టుకొని. నేను ఇప్పటికీ ఈ పని చేస్తుంటాను. విడిపోయి 2009లో మళ్లీ కలిశాక చేసిన కచేరీలలో బ్యాండు ఈ పాట మధ్యలో వాయించడం ఆపేసి, పల్లవిని జనం చేత పాడించేది. రికార్డయిన ఆ ప్రదర్శనలు చూసినప్పుడల్లా ఒళ్లు పులకరిస్తుంది. ఇంత వంకర పాటను వేలమంది ఒక్క గొంతుతో పాడగలుగుతున్నారంటే, ఆ వంకరలో ఎంత గట్టి రాగం దాగి ఉందో ఆలోచించండి.

'ఆర్‌వీ'లో ట్రైలరు బండిలో బతికే ఒక అలసిన మనిషి గొణుగుడు, దాని కింద తూగుతూ సాగే పియానో. 'మాల్‌ప్రాక్టిస్' ఈ బ్యాండు చేసిన పాటల్లో అతి క్రూరమైనవాటిలో ఒకటి. దాని మధ్యలో రష్యన్ స్వరకర్త షోస్తకోవిచ్ నాలుగు తీగవాద్యాల కోసం రాసిన ఎనిమిదో స్ట్రింగ్ క్వార్టెట్ నుంచి, క్రోనోస్ క్వార్టెట్ బృందం వాయించిన తునక వినిపిస్తుంది. ఆ చోట పాట చల్లబడదు, ఇంకా భయపెడుతుంది. 'ఎ స్మాల్ విక్టరీ'లో బాటమ్ కీబోర్డు తూర్పు ఆసియా రాగచ్ఛాయ పట్టుకొని గిటారుతో పోటీ పడకుండా దాన్ని మోసుకెళ్తుంది. ఆల్బమ్ మొత్తం ఇలాగే దట్టంగా ఉంటుంది, ఒక్కసారికి అందదు. శబ్దం మరీ పెంచకుండా, మధ్యస్థంగా పెట్టి వింటే పొరలు విడివిడిగా తెలుస్తాయి. పెద్ద శబ్దంలో పైపొర తప్ప మిగతావి ముద్దయిపోతాయి.

కమొడోర్స్ అనే సోల్ బృందం 1977 పాట 'ఈజీ'ని వీళ్లు పాడింది కూడా ఆ రోజుల్లోనే. ఆస్ట్రేలియాలో మొదటి స్థానానికి, బ్రిటన్‌లో 3వ స్థానానికి వెళ్లింది. దాన్ని హాస్యంగా కొట్టిపారేసేవాళ్లున్నారు. నా చెవికి అందులో పరిహాసం వినిపించదు. ప్యాటన్ ఆ పాటను ప్రేమించి, ఒక్క స్వరం కూడా వంచకుండా పాడాడు. మెటల్ అభిమానుల ముందు నిలబడి అలా పాడటానికి కేకలు పెట్టడం కన్నా ఎక్కువ ధైర్యం కావాలి.

1993 చివర్లో జిమ్ మార్టిన్ బ్యాండుకు దూరమయ్యాడు. 'ఏంజెల్ డస్ట్' దారి అతనికి నచ్చలేదన్నది అందరికీ తెలిసిన సంగతే. 1995 నాటి 'కింగ్ ఫర్ ఎ డే, ఫూల్ ఫర్ ఎ లైఫ్‌టైమ్'లో గిటారు ట్రే స్ప్రూయెన్స్‌ది. బాటమ్ ఆ రికార్డింగు సమయంలో చాలావరకు అందుబాటులో లేడు, అది వినగానే తెలిసిపోతుంది. ధ్వని ఎండినట్టుగా, గిటారు ముందుకొచ్చి ఉంటుంది. నేను పైన చెప్పిన మాటకు ఇంతకన్నా మంచి రుజువు లేదు, ఒక్క కీబోర్డు తగ్గేసరికి బ్యాండు మనసులో సగం మౌనంగా మారింది. అయినా 'ఎవిడెన్స్' ఉంది. రాత్రిపూట నెమ్మదిగా నడిచే సోల్ పాట, గౌల్డ్ బేస్ ఒక్కటే దాన్ని చివరిదాకా నడిపించేస్తుంది. ఆఖరున 'జస్ట్ ఎ మ్యాన్' బృందగానంతో ఆకాశానికి లేస్తుంది. ఆ రెండింటి కోసం మిగతా ఎగుడుదిగుళ్లన్నీ భరించవచ్చు.

1997లో వచ్చిన 'ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్'ను నేను ఎక్కువ వినను. జాన్ హడ్సన్ గిటారు చక్కగా కుదిరింది, 'యాషెస్ టు యాషెస్' వాళ్ల అత్యుత్తమ పాటల వరసలో నిలుస్తుంది, 'స్ట్రిప్‌సెర్చ్' మబ్బుపట్టిన అందం. కానీ మధ్యలో కొన్ని పాటలు అలసిపోయిన మనుషులు వాయించినట్టుంటాయి. మరుసటి ఏడాదే విడిపోయారు.

వాళ్లు లేని పదకొండేళ్లలో వాళ్ల నీడ పెరిగింది. కోర్న్, డెఫ్‌టోన్స్, ఇంక్యుబస్, సిస్టమ్ ఆఫ్ ఎ డౌన్, ఇలా ఆ తరంలో ఎవరిని విన్నా ఎక్కడో ఒకచోట ఈ బ్యాండు జాడ తగులుతుంది. 2000లో కోర్న్ డ్రమ్మరు గాయపడితే ఆ యాత్రలో అతని స్థానంలో కూర్చున్నది బోర్డినే. మెటల్ గాయకుడు ఆజీ ఆస్‌బోర్న్ కూడా ఏళ్ల తరబడి తన వెనక అతన్నే కూర్చోబెట్టుకున్నాడు. మెటల్‌లో ర్యాప్ కలిపిన ఆ తరం శైలికి, అంటే నూ మెటల్‌కు, వీళ్లను పితామహులని పిలిచే అలవాటు మాత్రం నాకు నచ్చదు. ప్యాటన్‌కూ నచ్చలేదు. ఆ తరంలో చాలామంది ర్యాప్‌ను, బరువైన గిటారును తీసుకున్నారు, దిగులును తీసుకోలేదు. 'ఎపిక్' హోరు వాళ్లకు వినిపించింది, చివరి పియానో వినిపించలేదు.

2009లో మళ్లీ కలిశారు. ఆరేళ్లు వేదికల మీద పాత పాటలు వాయించాకే 2015 మేలో 'సోల్ ఇన్‌విక్టస్' తెచ్చారు. 18 ఏళ్ల తర్వాత వచ్చిన స్టూడియో ఆల్బమ్. ఓక్లండ్‌లోని సొంత రిహార్సల్ గదిలో, గౌల్డ్ చేతుల మీదుగా తయారైంది. నలభై నిమిషాలు కూడా నిండదు. పియానో మళ్లీ మధ్యలోకి వచ్చి కూర్చుంది. 'మ్యాటడార్' నెమ్మదిగా మొదలై, మెట్టు మెట్టుగా ఎక్కి, ముగిసేసరికి గుండె నిండిపోతుంది. యౌవనంలోని కొంటెతనం ఇందులో తగ్గిన మాట వాస్తవం. దానికి బదులు ఒకరి శ్వాస ఒకరికి తెలిసిన వాయిద్యకారుల నిబ్బరం దొరికింది. అంతకు తక్కువేమీ నేను కోరలేదు, అంతకు ఎక్కువ ఎవరూ ఇవ్వలేదు. 2021లో ప్యాటన్ తన మానసిక ఆరోగ్యం దృష్ట్యా కచేరీలను రద్దు చేసుకున్నప్పుడు నిరాశపడ్డాను. అతను చేసింది సరైన పనే, మనిషి బాగుండాలి.

కొత్తగా వినేవారు 'ది రియల్ థింగ్'తో మొదలుపెట్టి, వెంటనే 'ఏంజెల్ డస్ట్'కు వెళ్లడం మేలు. మొదటిది చేయి పట్టుకొని లోపలికి తీసుకెళ్తుంది, రెండోది బయటికి పోనివ్వదు. ఆ తర్వాత 'సోల్ ఇన్‌విక్టస్' వినండి. మోస్లీ ఆల్బమ్‌లను చివరికి ఉంచుకోండి, కానీ వదిలేయకండి. పాట నిండా ఒకే భావం ఉండాలనుకునేవాళ్లకు, వింటూ వేరే పని చేసుకునే అలవాటున్నవాళ్లకు ఈ బ్యాండు పనికిరాదు. శ్రద్ధ పెట్టే ఓపికున్నవాళ్లు ఒక్కసారి గొంతును పక్కన పెట్టి, మొదటి నుంచి చివరిదాకా బేస్‌ను మాత్రమే వెంబడించి చూడండి. 'ఎవిడెన్స్' అందుకు బాగా సరిపోతుంది.