సితార్లు బాగుచేసే చోట హార్డీ వెదురు ఫ్లై రాడ్

సికింద్రాబాద్‌లో సితార్లు, వయొలిన్లు మరమ్మతు చేసే ఒక చిన్న దుకాణానికి పాత వెదురు ఫ్లై రాడ్‌ను, అంటే ఈగలాంటి తేలికపాటి ఎరను విసిరి చేపలు పట్టే గాలపు కర్రను, బాగుచేయమని అప్పగించానంటే చాలామందికి విడ్డూరంగా తోచవచ్చు. నగరంలో గాలాలు అమ్మేచోట నేను విచారిస్తే, కార్బన్ రాడ్ కొనుక్కోమన్న సలహా తప్ప మరొకటి దొరకలేదు.

నా రాడ్ ఇంగ్లండ్‌లో 1872లో మొదలైన హార్డీ సంస్థది. పిడికి పైన వెదురు మీద సిరాతో రాసిన ‘ప్యాలకోనా’ అన్న వారి వ్యాపారనామం ఇప్పటికీ చదవవచ్చు. చైనాలో పెరిగే టాంకిన్ వెదురును బద్దలుగా చీల్చి, ఒక్కో బద్దను 60 డిగ్రీల కోణంతో ముక్కోణంగా చిత్రిక పట్టి, ఆరింటిని జిగురుతో అతికించి ఇలాంటి రాడ్‌ను తయారుచేస్తారు. బలమంతా పై పొరలోని నారలోనే ఉంటుంది కనుక, పాత వార్నిష్ తీసే తొందరలో గరుకు కాగితంతో రుద్దితే రాడ్ చచ్చుబడిపోతుంది. ఈ సంగతి ఆ దుకాణం నడిపే ఉస్తాద్‌కు నేను చెప్పవలసిన అవసరమే రాలేదు. ఆయన మొద్దు అంచున్న ప్లాస్టిక్ ముక్కతో పెచ్చులను ఓపికగా లేపారు. సిరా రాత మీద ఉన్న పాత పూతను మాత్రం ముట్టుకోకుండా, కొత్త వార్నిష్‌ను దాని అంచులో కలిసిపోయేలా పూశారు.

అసలు పనితనం దారపు చుట్లలో ఉంది. లైన్ (గాలపు దారం) సాగే తీగ కొక్కేలను రాడ్‌కు పట్టి ఉంచేది సన్నని పట్టుదారమే. బజారులో సిల్క్ దారం పేరుతో అమ్మేదానిలో చాలావరకు రేయానే కాబట్టి, ఆయన కొస కాల్చి, జుట్టు కాలిన వాసన వచ్చిన దారాన్నే తీసుకున్నారు. రేయాన్ అయితే కాగితం కాలిన వాసన వస్తుంది. చుట్టుకు చుట్టు ఆనేలా చుట్టి, దారం కొసను చివరి చుట్ల కిందుగా లాగి దాచేశారు. భూతద్దం పెట్టి వెతికినా నాకు ముడి కనిపించలేదు. వార్నిష్ నేరుగా తగిలితే పట్టు పారదర్శకమై రంగు కోల్పోతుంది కాబట్టి ముందుగా రంగు నిలిపే పూత ఇవ్వమని కోరాను. ఆకుపచ్చ రంగు చెక్కుచెదరలేదు.

ఏళ్ల తరబడి గోడకు ఆనించి ఉంచడంతో వంగిన కొస భాగాన్ని సన్నని వేడి మీద సరిచేశారు. పిడి కార్క్‌ను శుభ్రం చేయడంతో సరిపెట్టారు, అంతకుమించి అక్కరలేదు కూడా.

వార్నిష్ విషయంలో మాత్రం నాకు పూర్తి తృప్తి కలగలేదు. వానాకాలపు తేమలో నూనె వార్నిష్ ఆలస్యంగా ఆరుతుందని తెలిసీ, మొదటి పూత గట్టిపడకముందే రెండోది వేయడంతో కొస దగ్గర కొంతకాలం జిగట పోలేదు, అక్కడ దుమ్ము కూడా అంటుకుంది. ఈ పని వేసవిలో ఇవ్వడమే మేలు. రెండు భాగాలను కలిపే జర్మన్ సిల్వర్ గొట్టాలకు ఎమరీ కాగితం పెట్టబోతే వారించి, స్పిరిట్‌తో తుడిపించాను; ఆ లోహాన్ని కాస్త అరగదీసినా అతుకు వదులవుతుంది. గొట్టాలు ఇప్పటికే వదులైన రాడ్‌ను అక్కడికి తీసుకెళ్లమని నేను చెప్పను. వెదురు, జిగురు, దారం వరకైతే నేను చెల్లించిన 7,000 రూపాయలు ఎక్కువ అనిపించలేదు.