అల్లూరి సినిమా, పేదల మీద ఓ పుస్తకం, మధ్యలో రెండు టీలు

పోయిన వారం వైజాగ్‌లో వాన వదల్లేదు. ఇంట్లో కూర్చుని రెండు పనులు చేశాను: నాన్న పోరు పడలేక 1974 నాటి 'అల్లూరి సీతారామరాజు' మళ్ళీ చూశాను, ద్వారకానగర్‌లో కొని ఏడాదిగా దుమ్ము పట్టించిన 'పూర్ ఎకనామిక్స్' ఎట్టకేలకు పూర్తి చేశాను.

సినిమా గురించి ముందు. కృష్ణగారి నూరో సినిమా, తెలుగులో మొదటి సినిమాస్కోప్, చింతపల్లి వైపు అడవుల్లో తీశారు. దర్శకుడు వి.రామచంద్రరావు మధ్యలోనే చనిపోయినా అతుకులేసినట్టు అనిపించదు. బ్రిటిష్ అధికారి రూథర్‌ఫర్డ్‌గా జగ్గయ్య గొంతు వింటుంటే విలన్ అని కూడా మర్చిపోతాం. 'తెలుగు వీర లేవరా' రాగానే నాన్న టీవీ సౌండ్ పెంచేసి "రాసింది మన వైజాగ్ శ్రీశ్రీ, జాతీయ అవార్డు" అని వందోసారి చెప్పారు, నేనూ వందోసారి తల ఊపాను.

నచ్చనిది సీత ప్రేమకథ. అది నడుస్తున్నంతసేపూ నేను ఫోన్ చూసుకున్నాను. కొండవాళ్ళ కష్టం సినిమాలో లేదని కాదు, కానీ 1882 అటవీ చట్టంతో పోడు మీద పడిన దెబ్బ, ఘాట్ రోడ్డు పనికి తోలుకెళ్ళి కూలి సరిగ్గా ఇవ్వని బాస్టియన్ లాంటి అధికారులు, ఇదంతా ఇంకాసేపు చూపించి ఉంటే రామరాజు మనుషులు 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్ మీద, తర్వాత రెండు రోజుల్లో కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద ఎందుకు పడ్డారో కడుపులో తెలిసేది. ఇప్పుడు ఆవేశం తెలుస్తుంది, ఆకలి అంతగా తెలియదు.

పుస్తకం నిండా పేదల ఆకలి, అప్పులు, జబ్బులే. అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో 2011లో రాశారు, 2019లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఎకనామిక్స్ అంటే భయపడక్కర్లేదు, గ్రాఫులు కొన్నే, మిగతాదంతా మనుషుల కథలు. ఉదయపూర్ దగ్గర పల్లెల్లో పిల్లలకి టీకాలన్నీ పూర్తయింది వందకి ఆరుగురికే అట. ప్రయోగంగా కొన్ని ఊళ్ళలో క్రమం తప్పకుండా క్యాంపులు పెడితే 17 అయింది, టీకాకి కిలో పప్పు ఇస్తామంటే 38కి చేరింది.

నన్ను ఆపేసింది మాత్రం చెన్నై పళ్ళమ్ముకునేవాళ్ళ లెక్క. రోజూ పొద్దున వెయ్యి అప్పు, సాయంత్రానికి రోజుకి 4.69 శాతం వడ్డీతో తీర్చాలి. మూడంటే మూడు రోజులు రెండేసి టీలు మానేసి, ఆ డబ్బు, దానివల్ల మిగిలే వడ్డీ మేరకు రోజూ అప్పు తగ్గించుకుంటూ పోతే తొంభై రోజుల్లో అప్పే ఉండదట. నమ్మక కాలిక్యులేటర్ తీశాను, నిజమే.

మర్నాడు ఎంవీపీ కాలనీలో కూరలమ్మే పిన్నికి గొప్పగా చెప్పాను. ఆవిడది డైలీ ఫైనాన్సు, పదివేలని చేతికి ఎనిమిదిన్నరే ఇస్తారు, రోజుకి వంద చొప్పున వంద రోజులు కట్టాలి. అంతా విని "టీ మానేస్తాను సరే బాబూ, ఆ మూడ్రోజుల్లో పిల్లాడికి జ్వరమొస్తేనో" అంది. అలా ఎందుకు దాచలేకపోతారో రచయితలు కూడా చాలా పేజీలు రాశారనుకోండి, ఆవిడ ఒక్క ముక్కలో తేల్చేసింది.

పుస్తకంతో నా పేచీ వేరు. టీ కప్పులు ఇంత ఓపిగ్గా లెక్కపెట్టినవాళ్ళు, ఆ వడ్డీకి ఇచ్చేవాడి జోలికి అంత గట్టిగా వెళ్ళలేదు. బాస్టియన్‌ లాంటివాడు ఎదురైతే ఈ ప్రయోగాలు ఏం చేస్తాయని నాన్నని అడిగితే "అందుకే సినిమా చూడమన్నాను" అన్నారు, అదేదో జవాబైనట్టు.

సినిమా ఇంట్లో పెద్దవాళ్ళతో కలిసి చూడండి, సీత పాటలు వచ్చినప్పుడు టీ పెట్టుకోవచ్చు. పుస్తకం ఇంగ్లీషు తేలికే, అప్పుల అధ్యాయాలు ముందు చదివినా ఫర్వాలేదు. నా కాపీ అడక్కండి, పక్కింటి డిగ్రీ కుర్రాడు పట్టుకెళ్ళాడు.